కంప్యూటరు చదువు, మగ్గపు అట్టలు

మన సంఘ సభ్యుని కుమారుడొకడు కంప్యూటరు ఇంజనీరింగు పట్టా పుచ్చుకొని ఏడాది ఇంట కూర్చుండెను. ఫీజులకై పెట్టిన తల్లి గొలుసు ఇంకను కుదువలోనే యున్నది. ఉద్యోగ మిప్పింతునని ఒక దళారి సొమ్ము గుంజి కనుమరుగైనాడు. ముందుగా సొమ్మడుగువాని వద్ద ఉద్యోగముండదని మేము చెప్పియుండవలసినది, చెప్పలేదు.

ఒకనాడు వానిని జాకార్డు మగ్గము వద్దకు తీసికొనిపోతిమి. అట్టలో రంధ్రమున్నచోట పడుగు పోగు లేచును, లేనిచోట లేవదు. 1804లో ఫ్రాన్సున జాకార్డు కుదిర్చిన ఈ యుక్తినే ఇంగ్లండులో బాబేజి తన గణనయంత్రమునకు తలపెట్టెను. 1890 అమెరికా జనాభా లెక్కలను హొలెరిత్ రంధ్రముల అట్టలతోనే తేల్చెను. "నాలుగేండ్లు చదివినది ఇదా మామా!" అని వాడు నవ్వినాడు.

అంచు బుటా గీసినచో ఏ అట్టలో ఎచ్చట రంధ్రము పడవలెనో చెప్పు ప్రోగ్రామును వాడే వ్రాసెను. మొదట పువ్వులు తలక్రిందులుగా వచ్చినవి. రెండు మారులు దిద్దినాడు. పట్టభద్రులకు కేంద్ర ప్రభుత్వపు అప్రెంటిసు శిక్షణ ఏడాదిపాటు భృతితో గలదు. 1961 నాటి చట్టమును 1973లో సవరించి వీరిని చేర్చిరి. వాడందు చేరినాడు. తరువాత ఉద్యోగపు పరీక్షలో మార్కులకంటె ఆ ప్రోగ్రామును గూర్చియే ఎక్కువ అడిగిరట.

మొదటి జీతముతో గొలుసు విడిపింపలేదు, వడ్డీ మాత్రము కట్టినాడు.