మహమ్మారి వేళ గ్రాఫు ఎలా ఉండాలి?

సమాచారాన్ని గీతలుగా, రంగులుగా, పటాలుగా మార్చి కంటికి చూపే పద్ధతిని దృశ్యీకరణ అంటారు. మామూలు రోజుల్లో ఆర్థిక పేజీలకూ పరిశోధన పత్రాలకూ పరిమితమయ్యే ఈ విద్య, కోవిడ్ విజృంభించిన 2020లో ప్రతి ఇంటి టీవీలోకీ ఫోనులోకీ చేరి, బయటికి వెళ్లాలా వద్దా, పెళ్లి వాయిదా వేయాలా వంటి నిర్ణయాలకు ఆధారమైంది. అటువంటి సమయంలో గ్రాఫులో దొర్లే తప్పును మందుచీటీలో దొర్లే తప్పుతో సమానంగా చూడాలి.

అమెరికాలోని జార్జియా రాష్ట్ర ఆరోగ్య శాఖ 2020 మే నెలలో ప్రజల ముందుంచిన ఒక కమ్మీ చిత్రం, అంటే లెక్కలను నిలువు స్తంభాల ఎత్తుతో చూపే బొమ్మ, ఇందుకు మంచి ఉదాహరణ. కేసులు ఎక్కువగా ఉన్న అయిదు కౌంటీల, అంటే మన జిల్లాల వంటి పాలనా విభాగాల, రోజువారీ లెక్కలు చూపిన ఆ చిత్రంలో స్తంభాలు ఎడమ నుంచి కుడికి మెట్లు దిగినట్టు తగ్గుతూ వచ్చాయి. అయితే కింద చిన్న అక్షరాల్లో ఉన్న తేదీలను చదివితే మే 7 తర్వాత ఏప్రిల్ 26, దాని పక్కన మే 3 కనిపిస్తాయి. స్తంభాలను తేదీల వరుసలో కాకుండా ఎత్తుల వరుసలో పేర్చడమే దీనికి కారణం. కాలం ఎడమ నుంచి కుడికి నడుస్తుందని చదువరి కన్ను ముందే నమ్ముతుంది కనుక, వ్యాధి రోజురోజుకూ తగ్గుతోందన్న భ్రమ దానంతటదే ఏర్పడింది. విమర్శలు వెల్లువెత్తాక చిత్రాన్ని సరిదిద్దారు, గవర్నరు కార్యాలయం క్షమాపణ చెప్పింది.

తప్పేమీ లేని గ్రాఫు కూడా అర్థం కాకపోవచ్చు. నిలువు గీతపై 10, 100, 1000 అంకెలను సమాన దూరంలో ఉంచే సంవర్గమాన కొలమానం, వ్యాధి ఎన్ని రోజులకొకసారి రెట్టింపవుతోందో నిపుణులకు చక్కగా చెబుతుంది. కానీ కొందరు పరిశోధకులు 2020లో అమెరికన్లను పరీక్షించినప్పుడు, మామూలు కొలమానంపై గీసిన గ్రాఫుకు సంబంధించిన ప్రశ్నకు సుమారు 84 శాతం మంది సరైన జవాబివ్వగా, సంవర్గమాన గ్రాఫు చూసినవారిలో అలా చెప్పగలిగినవారు దాదాపు 41 శాతమే. ఒక గ్రాఫు ఎవరి కోసమో ముందే తేల్చుకోవాలనడానికి ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు.

ఆ ఏడాదే ప్రపంచమంతా చూసిన రెండు గుట్టల బొమ్మ సామాన్యులకు అర్థమయ్యేలా చెప్పే పనిని చక్కగా చేసింది. కేసుల సంఖ్యను చూపుతూ నిటారుగా లేచే గుట్ట ఒకటి, విశాలంగా పరుచుకునే గుట్ట మరొకటి, వాటి మీదుగా ఆసుపత్రుల సామర్థ్యాన్ని చూపే ఒక చుక్కల గీత: ఇంతే. అంకెలతో పని లేకుండానే, అందరూ ఒకేసారి జబ్బు పడితే పడకలు చాలవనీ, దూరం పాటిస్తే ఆ గీత దాటకుండా ఉండవచ్చనీ అది చెప్పగలిగింది. ఏం జరుగుతుందో, ఏం చేయాలో ఒకే చూపులో తెలపడమే దాని బలం.

భారత ప్రభుత్వం 2020 మే మొదట్లో 130 జిల్లాలను రెడ్ జోన్లుగా, 284ను ఆరెంజ్ జోన్లుగా, 319ను గ్రీన్ జోన్లుగా ప్రకటించినప్పుడు కూడా రంగులే ఆంక్షలకు గుర్తులయ్యాయి. అందరికీ తెలిసిన ట్రాఫిక్ సిగ్నల్ భాష కనుక అది సులువుగా చేరింది. అదే సమయంలో ఆకుపచ్చ అంటే వ్యాధి రాదన్న ధీమాకు తావిచ్చే ప్రమాదం, ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేనివారికి పటం అందకపోయే ఇబ్బంది కూడా అందులో ఉన్నాయి. రంగుతో పాటు జోను పేరును పటంపైనే ముద్రిస్తే ఈ రెండో ఇబ్బంది తీరుతుంది.

కేసుల సంఖ్య ఒక్కటే చూపినా చాలదు. పరీక్షలు తగ్గిన ఆదివారం నాటి లెక్క సోమవారం శుభవార్తలా కనిపిస్తుంది కనుక, ఏడు రోజుల సగటునూ చేసిన పరీక్షల సంఖ్యనూ పక్కనే ఇవ్వాలి. జిల్లాలను పోల్చేటప్పుడు లక్ష జనాభాకు ఎన్ని కేసులో చెప్పాలి. అన్నిటికన్నా ముందు, విడుదలకు సిద్ధమైన ప్రతి గ్రాఫునూ ఒక ఆశా కార్యకర్తకో, ఒక ఆటో డ్రైవరుకో చూపించి, దీన్నిబట్టి వారికేం తెలిసిందో అడిగే పద్ధతిని ఆరోగ్య శాఖలు నియమంగా పెట్టుకోవాలి.