కొలతలేని భోజనము

కడప సీమయందు ఓబులవారిపల్లె చెంతనున్న మంగంపేట పేరు వినగానే ముగ్గురాయి జ్ఞప్తికి వచ్చును. నీటికంటె నాలుగింతలు బరువైన యీ రాతిని పొడిచేసి, బురదలో కలిపి, చమురుబావులు త్రవ్వునపుడు లోపలి వాయువు పైకి తన్నుకొని రాకుండ అదిమిపెట్టుటకు వాడుదురు. ఓడలెక్కి పరదేశములకు పోవు ఆ రాతివలెనే మన బిడ్డలును పోయినారు. కొందరు కువైటునకు, కొందరు అమెరికాకు. మా తమ్ముడు టెక్సాసు రాష్ట్రమందలి హ్యూస్టను నగరమున స్థిరపడినాడు. గత వేసవిని మేము మా తల్లిని వెంటబెట్టుకొని వాని యింటికి పోయియుండగా, ఒక ఆదివారము మమ్మందరిని ఒక భోజనశాలకు గొనిపోయెను. అక్కడ జరిగినది చిన్న సంగతియే. కాని మన సీమవారు తలపోయదగిన విషయ మొకటి అందు గలదు గావున వ్రాయుచున్నాము.

అది ‘ఆసియా’ భోజనశాల. తలకింతయని రుసుము చెల్లించిన పిమ్మట ఎంత తిన్నను, ఎన్నిమార్లు తిన్నను అడుగువారు లేరు. వేడినీటి తొట్లపై వరుసగా పాత్రలు. వానిలో వేపుడన్నము, నూడుల్సు, తీపిపులుసులో తేల్చిన కోడిమాంసము, ఆవిరిపై నుడికిన పిండిముద్దలు, చేపముక్క కప్పిన జపాను అన్నపుముద్దలు, రొయ్యలు, పండ్లు. మా తల్లి ఒక చుట్టు తిరిగివచ్చి, “ఆసియా అంటివి గదరా నాయనా, మనది యాడుంది ఇందులో? సంగటి లేదు, ఊరిబిండి లేదు” అని అడిగెను. అమెరికావారి వాడుకలో ఆసియా యనగా తరచుగా చీనా, జపాను, కొరియా దేశములే యని తమ్ముడు చెప్పగా, “అయితే మనం యాడోళ్లం?” అనెను. దానికి మాలో నెవ్వరికిని జవాబు తోచలేదు.

నిజమునకు ఈ వడ్డన పద్ధతియే ఆసియాలో పుట్టినది కాదు. ఒక పెద్ద బల్లపై పలు వంటకములను పరచి, ఎవరికి కావలసినది వారే తీసికొను ఆచారము స్వీడనుదేశమున చిరకాలముగా నున్నది. 1939లో న్యూయార్కునందు జరిగిన ప్రపంచ ప్రదర్శనమున స్వీడనువారి భోజనశాల దానిని అమెరికనులకు బాగుగ పరిచయము చేసెను. 1958లో టోక్యోలోని ఇంపీరియల్ హోటలు ఆ పద్ధతిని స్వీకరించి ‘వైకింగు’ అని పేరిడెను. నేటికిని జపానులో అట్టి భోజనమును ఆ పేరుతోనే పిలుతురు. అమెరికాలోని చీనా భోజనశాలలను నడుపువారిలో ఫూజియను రాష్ట్రమునుండి వలసవచ్చినవారు పెక్కుమంది. ఇల్లువిడిచి వచ్చి, తెల్లవారినది మొదలు రాత్రివరకు పొయ్యికడ నిలుచు వారి శ్రమ భోక్తల కంటబడదు.

యజమాని నష్టపోవునని జాలిపడ నక్కరలేదు. కొందరు మితముగా, కొందరు మిక్కుటముగ తిందురు. రుసుము వారి సగటునుబట్టి ఏర్పడును. వడ్డించువారి కూలి కలిసివచ్చును. అన్నము, నూడుల్సు మొదటనే యెదురగును. విలువైన రొయ్యలు చివర నుండును. అల్పాహారి యగు ముసలమ్మ బలాఢ్యుడగు యువకుని భోజనమునకు గొంత చెల్లించుచున్నదన్నమాట.

ఇక జరిగిన సంగతి. తమ్ముని కుమారుడు పదియేండ్లవాడు. కంటికింపైన ప్రతిదానిని పళ్లెమున గుట్టగా పోసికొని వచ్చి, నాలుగు ముద్దలు తిని, తక్కినది ప్రక్కకు నెట్టి, మరియొక పళ్లెమునకై లేచెను. మా తల్లి వానివంక చూడగా, తమ్ముడు “పోనీలేమ్మా, తలకింత కట్టినాం గదా. తిన్నా ఒకటే, వదిలినా ఒకటే” అనెను. ఆమె మారుమాటాడక ఆ పళ్లెమును తనవైపు లాగికొని తినసాగెను. మేము సిగ్గుతో వారించితిమి. అప్పుడామె మెల్లగా, “నాకు ఎనిమిదేండ్లప్పుడు కరువులో గంజికి వరసలో నిలబడినా. గిన్నెలో ఇంకొంచెం పోయమంటే, ఎనక ఇంకా జనముండారు పాపా అనిరి. ఆ మాట నాకింకా మతికుంది” అనెను.

ఆమె చెప్పినది 1952 నాటి క్షామము. అప్పుడు రాయలసీమలో గంజికేంద్రములు తెరచిరి. అంతకు పూర్వము 1876–78 నాటి మహాక్షామమున, పనికి వచ్చిన మగవానికి దినమునకొక పౌను ధాన్యమును, దానిపై స్వల్పముగ రొక్కమును చాలునని సర్ రిచర్డు టెంపిలు 1877లో నిర్ణయించెను. అది ప్రాణము నిలుపుటకు చాలదని చెన్నపురి ఆరోగ్యాధికారి కార్నిషు దొర వాదించెను. ఆనాడు కొలపాత్ర అన్యుల చేతిలో నుండెను. నేడది మన చేతికే వచ్చినది. వచ్చినదానిని పారవైచుటయేనా మనము నేర్చినది?

“డబ్బు కట్టితిమి” అను వాదము తినుట కధికార మిచ్చును గాని పారవేయుట కిచ్చునా? పళ్లెమునకు వెల కట్టవచ్చును. పండించిన రైతు చెమటయు, వండినవాని నిద్రయు ఆ వెలలో తీరిపోవు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ప్రకటించిన నివేదికనుబట్టి, 2022లో ప్రపంచమున 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమయ్యెను. అందు భోజనశాలలు మొదలగువాని పాలు నూటికి 28. గృహముల పాలు 60. అనగా దోషము హోటళ్లలోకంటె మన యిండ్లలోనే హెచ్చు. చీనాదేశము 2021లో చట్టము చేసి, మితిమీరి విడిచిపెట్టు భోక్తలనుండి రుసుము గొనుటకు భోజనశాలలకు అనుమతి నొసగెను.

ఈ వడ్డన ఇప్పుడు మన పెండ్లి పందిళ్లలోనికిని వచ్చినది. దాని నూరక నిందింపము. పాత పంక్తిభోజనములోను విస్తళ్లు నిండుగానే పెంటకు పోయెడివి. అందరిని ఒకే పంక్తిని కూర్చుండ నిచ్చిరని యెవరనగలరు? కాని ఆ పంక్తిలో ఒక మేలుండెను. వడ్డించువాడు “ఇంకొంచెము” అని వంగగా, తినువాడు విస్తరిపై చేయడ్డుపెట్టి “చాలు” అనెడివాడు. ఇప్పుడు అడుగువారు లేరు గావున ఆ మాటయు లేదు. దానిని ఎవరికివారే చెప్పుకొనవలెను. పెండ్లిచేయు గృహస్థులు చిన్న పళ్లెము లుంచుదురుగాక. పిల్లలకు కొంచెము తీసికొని మరల వచ్చుట నేర్పుదురుగాక.

ఆనాడు మా పిల్లవాడు రెండవమారు వెళ్లి, పళ్లెములో రెండు పుచ్చకాయ ముక్కలు మాత్రము తెచ్చి, తన యవ్వ ముందుంచెను. ఆమె యొకటి తిని, రెండవది వానికిచ్చి, “చాలు నాయనా” అనెను.