ఒక యంత్రము - మూడు వృత్తులు

మోటారుబండి పేరు చెప్పినంతనే మన బాలురు దాని రంగును, వేగమును గూర్చి ముచ్చటింతురు గాని, మూతక్రింద నున్న యంత్రమును గూర్చి విచారించువారు తక్కువ. పూర్వము ఇంగ్లండునందు కుటుంబముల యుపయోగమునకై చేయబడిన బండ్లలో స్టాండర్డు వాన్గార్డు అనునది యొకటి. దాని యంత్రమే పొలము దున్నెను; పందెపుబండిని సైతము నడిపెను. ఇది యెట్లు పొసగెనో తెలిసికొనుట గణితమును, ప్రకృతిశాస్త్రమును చదువు విద్యార్థులకు ప్రయోజనకరమని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

యంత్రములో పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి మండు గొట్టమునకు సిలిండరని పేరు. అందు పైకిని క్రిందికిని కదలునది పిస్టను. 1921 మొదలు ఇంగ్లండులో మోటారుబండ్లపై అశ్వశక్తి యొక్కంటికి ఒక పౌను చొప్పున పన్ను విధింపబడెను. అయితే ఆ అశ్వశక్తి నిజముగా కొలిచి చూచినది కాదు. సిలిండరు వ్యాసమును, సిలిండర్ల సంఖ్యను బట్టి లెక్కకట్టినది. పిస్టను ఎంతదూరము కదలునో ఆ లెక్కలో చేరలేదు. అందుచేత పన్ను తగ్గించుకొనగోరి యంత్రనిర్మాతలు సన్నని పొడవైన సిలిండర్లను చేయసాగిరి. 1935లో అమ్మకమునకు వచ్చిన మోరిస్ ఎయిట్ బండిలో సిలిండరు వ్యాసము 57 మిల్లీమీటరులు, పిస్టను కదలు దూరము 90 మిల్లీమీటరులు. 1948లో ఈ పద్ధతి తొలగి, క్రొత్తబండ్లన్నిటికిని ఒకే రీతిగా 10 పౌనుల పన్ను ఏర్పడెను.

వాన్గార్డు ప్రకటింపబడినది 1947లో. దాని యంత్రమునందు సిలిండర్లు నాలుగు. వ్యాసము 85, పిస్టను కదలు దూరము 92 మిల్లీమీటరులు. విద్యార్థులు పలకపై ఈ లెక్కను చేసి చూడవచ్చును. 8.5ను 8.5చే గుణించి, దానిని 0.7854చే గుణించిన సిలిండరు వైశాల్యము వచ్చును. దానిని 9.2చేతను, పిమ్మట నాలుగుచేతను గుణింపగా 2088 ఘన సెంటీమీటరులు తేలును.

ఈ యంత్రమునకు ఒక విశేషము గలదు. సిలిండర్లు దిమ్మలోనే తొలువబడక, లైనర్లనబడు వేరు గొట్టములుగా లోపల అమర్పబడును. వాటి వెలుపలి ప్రక్కను చల్లబరచు నీరు తగులుచుండును. అరిగిన లైనరును తీసి క్రొత్తదానిని వేయవచ్చును. అదే దిమ్మలో వేరు వ్యాసము గల లైనరును కూడ అమర్పవచ్చును. యంత్రము బహురూపములు ధరించుటకు ఇదియే మూలకారణము.

కవెంట్రీ నగరమున స్టాండర్డు కంపెనీవారు హారీ ఫెర్గుసన్ గారి కొరకు 1946 మొదలు 1956 వరకు ట్రాక్టరులను చేసిరి. తొలుత అమెరికానుండి తెప్పించిన యంత్రములను వాడిరి. పిదప 80 మిల్లీమీటరుల వ్యాసము గల తమ యంత్రమునే అమర్చిరి. అది 1850 ఘన సెంటీమీటరులది. ఇట్టి ఫెర్గుసన్ ట్రాక్టరులు ఐదులక్షలకు మించి తయారయ్యెను. ఇక 1953లో వెలువడిన ట్రయంఫు టి.ఆర్.2 అను పరుగుబండికి 83 మిల్లీమీటరుల లైనర్లను వేసిరి. అందువలన యంత్రము 1991 ఘన సెంటీమీటరులై, రెండు లీటరుల తరగతి పందెములలో చేరుట కర్హమయ్యెను. ఆ సంవత్సరము మే నెలలో బెల్జియం దేశమున జబ్బేకె రహదారిపై, ప్రత్యేకముగా సిద్ధపరచిన టి.ఆర్.2 గంటకు 124 మైళ్లకు మించిన వేగముతో పరుగెత్తెను.

మూడింటియందును పిస్టను కదలు దూరము 92 మిల్లీమీటరులే. అయినను ట్రాక్టరునందు రమారమి 24, వాన్గార్డునందు 68, టి.ఆర్.2 నందు 90 అశ్వశక్తులు వచ్చుచుండెను. ఈ భేదమునకు వ్యాసము మాత్రమే కారణము కాదు. ట్రాక్టరు యంత్రము నిమిషమునకు రమారమి 2000 చుట్లు తిరుగునట్లు నియమింపబడినది. దినమంతయు నాగలిని లాగుటకు నిలుకడ కావలెను గాని వేగము కాదు. టి.ఆర్.2 యంత్రమో నిమిషమునకు 4800 చుట్లు తిరుగుచు, రెండు కార్బురేటర్లతో గాలిని పెట్రోలును గ్రహించి, వాటిని మరింత గట్టిగా అదిమి మండించును.

1954లో వాన్గార్డునకు డీసెలు యంత్రము సైతము లభించెను. బ్రిటిషు కంపెనీ తన కుటుంబపు బండికి కర్మాగారమునందే డీసెలు యంత్రమును అమర్చి యమ్ముట అదియే మొదలు. ఇదియు ట్రాక్టరునందు వాడబడిన 2092 ఘన సెంటీమీటరుల యంత్రమే. డీసెలు యంత్రమున విద్యుత్తు నిప్పురవ్వ యుండదు. గాలిని మిక్కిలి అదిమినపుడు పుట్టు వేడిమికే నూనె మండును. నూనె ఖర్చు తగ్గెను గాని, శక్తి 40 అశ్వములకు దిగెను, చప్పుడు హెచ్చెను. అందుచేత కొన్నవారు కొలదిమందియే. పొలమున గుణమైనది ఇంటిబండిలో లోపముగా తోచెను.

1948లో మదరాసున స్థాపింపబడిన స్టాండర్డు మోటారు ప్రాడక్ట్సు ఆఫ్ ఇండియా కంపెనీవారు వాన్గార్డు బండ్లను మన దేశమునందును కూర్చిరి గనుక, మన ప్రాంతపు రహదారులకును ఈ యంత్రము క్రొత్తది కాదు.

తలాంతుల యుపమానమును చిన్ననాటనుండి వినుచున్న విద్యార్థులారా, తరగతిలో వేగముగా లెక్కచేయువానినే గొప్పవాడని యెంచి, నిదానముగా పనిచేయువానిని చులకన చేయుట మనలో కొందరికి అలవాటు. తలిదండ్రులును మార్కుల పట్టికనే చూచి బిడ్డను తూచుచుందురు. 24 అశ్వముల ట్రాక్టరు 90 అశ్వముల బండికంటె తక్కువదని చెప్పుటకు ముందు, దానికి నియమింపబడిన పని యెట్టిదో విచారింపవలెను. పందెమున గెలిచిన బండి ఎకరమైనను దున్నజాలదు.