మీకు తెలుసా? మఠంపల్లి తొట్టిలో ఏటిమొగ చేపలు

కృష్ణ ఒడ్డునే ఉన్నా మఠంపల్లి మండలంలో వలకు చిక్కేవి బొచ్చె, రవ్వు, కొర్రమట్ట లాంటి మంచినీటి చేపలే. సముద్రానికీ ఏటికీ మధ్య తిరిగే ఏటిమొగ చేపలు ఇంత ఎగువకు రావాలంటే మొదట విజయవాడ దాటాలి. అక్కడ 1855 నుంచి ఆనకట్ట, 1957 నుంచి ప్రకాశం బ్యారేజీ అడ్డం. ఎలాగో దాటినా 85 కిలోమీటర్లు ఎదురీదాక పులిచింతల డ్యాం ఉంది. మట్టపల్లి నరసింహస్వామి గుడి దగ్గర నిలిచి కనిపించేవి ఆ డ్యాం వెనక నీళ్ళే. గోదావరి పులసకు ధవళేశ్వరం ఎలాగో, కృష్ణలో ఏటిమొగ చేపలకు విజయవాడ అలాగ. ఇక అవి మఠంపల్లికి రాగలిగేది ఒక్క తీరునే: ఆక్సిజన్ కొట్టించిన పాలిథిన్ కవరులో, బస్సెక్కి.

మన బోరు నీళ్ళు ఉప్పగానే ఉంటాయిగా, అవి చాలవా?

చాలవు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. హంసలదీవి లాంటి సాగరసంగమం దగ్గర అది పోటుకు పెరిగి, పాటుకు తగ్గుతూ ఉంటుంది. ఏటిమొగ చేపల తొట్టికి మామూలుగా 5 నుంచి 15 గ్రాములు పెడతారు. తాగే నీళ్ళలో ఎంత గతిలేకపోయినా 2 గ్రాములు మించకూడదని బీఐఎస్ ప్రమాణం. అంటే నోట పెట్టలేనంత ఉప్పగా ఉన్న బోరు నీళ్ళు కూడా ఈ చేపల లెక్కలో దాదాపు మంచినీళ్ళే.

అయితే మఠంపల్లి నీళ్ళకు ఇంకో మంచి గుణం ఉంది. ఇది సున్నపురాయి నేల. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చిందీ ఆ రాయి కోసమే. ఆ రాళ్ళ సందుల్లోంచి ఊరిన నీళ్ళు కాల్షియంతో కఠినజలం అవుతాయి, గిన్నెలకు తెల్లగా పట్టేది అదే. వంటింటికి అది తలనొప్పి గానీ ఏటిమొగ చేపలకు కావలసింది సరిగ్గా అలాంటి నీళ్ళే, పీహెచ్ ఏడున్నరకు పైన నిలకడగా ఉండేవి. మెత్తటి నీళ్ళున్న ఊళ్ళలో దీనికోసం పగడపు రాళ్ళ పొడి కొనుక్కొచ్చి ఫిల్టరులో వేసుకుంటారు. కాబట్టి ఆర్వో నీళ్ళు తెచ్చి పోయకండి, ఉన్న సుగుణం కాస్తా పోతుంది. కుళాయి నీళ్ళైతే మాత్రం ముందు క్లోరిన్ పోగొట్టాలి.

ఉప్పు డబ్బా పనికిరాదు

వంట ఉప్పు అంటే సోడియం క్లోరైడ్ ఒక్కటే, పైగా అయొడిన్ కలిపింది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, బైకార్బొనేట్ కూడా ఉంటాయి. చేప మొప్పలకు ఇవన్నీ కావాలి. అక్వేరియం దుకాణాల్లో దొరికే మెరైన్ సాల్టే వాడాలి. 60 లీటర్ల తొట్టికి లీటరుకు 9 గ్రాముల చొప్పున అర కిలో పైచిలుకు పడుతుంది. ఒక్కసారిగా గుమ్మరిస్తే చేపకంటే ముందు ఫిల్టరులో చేరి అమ్మోనియాను విరగ్గొట్టే బాక్టీరియా దెబ్బతింటుంది. వారానికి కొంచెం కొంచెంగా పెంచాలి.

ఎండాకాలం ఉప్పు దానంతటదే పెరుగుతుంది

ఏప్రిల్, మే ఎండలకు తొట్టిలో మట్టం చూస్తుండగానే దిగిపోతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. అందుకని తగ్గిన మేరకు ఉప్పు కలపని నీళ్ళే పోయాలి. ఉప్పు నీళ్ళు పోయాల్సింది మురికి నీళ్ళు తోడి మార్చినప్పుడు. ఈ రెండూ తారుమారు చేసి ఊరకే చేపల్ని పోగొట్టుకునేవాళ్ళు ఎందరో. ఇంకొకటి, వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, ఉప్పు నీటిలో మరీ తక్కువ. వేసవిలో కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ప్రాణం కాపాడుతుంది.

చేప నీళ్ళు తాగుతుందా?

మంచినీటి చేప దాదాపు తాగదు. దాని ఒంట్లో ఉన్నంత ఉప్పు బయట నీటిలో లేదు కాబట్టి నీరే లోపలికి చొరబడుతుంది. దాన్ని పలుచని మూత్రంగా పోస్తూ ఉండడమే దాని పని. సముద్రపు చేపది సరిగ్గా దీనికి తలకిందులు. ఒంట్లో నీళ్ళు బయటికి లాగేసుకుపోతుంటే అది సముద్రాన్ని తాగుతూ, అదనపు ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాలతో బయటికి నెట్టేస్తుంది. ఏటిమొగ చేపకు ఈ రెండు విద్యలూ వచ్చు, ఒకదాన్నుంచి ఒకదానికి మారడమూ వచ్చు. అందరూ "ఈ చేపకు ఎంత ఉప్పు కావాలి?" అని అడుగుతారు. నన్నడిగితే "ఏ వయసులో ఎంత?" అని అడగాలి. స్కాట్, మోనో, ఆకుపచ్చ పఫర్ లాంటివి పిల్లలుగా ఉన్నప్పుడు ఇంచుమించు మంచినీటిలో బతికేస్తాయి, పెద్దవుతున్నకొద్దీ ఉప్పు కోరతాయి. దుకాణంలో మంచినీటి తొట్టిలో చలాకీగా తిరిగే పఫర్ ఏడాది తిరిగేసరికి ఇంట్లో నీరసించిపోయేది చాలాసార్లు ఇందుకే.

రొయ్యకు సోయా సాస్

నీలకంఠ రొయ్య పెరిగేది ఏటిలో, పిల్లలు బతికేది ఉప్పు కలిసిన నీటిలో. ఈ సంగతి తెలియక వాటి పిల్లలను ఎవరూ బతికించలేకపోయేవారు. 1961లో మలేసియాలోని పెనాంగ్‌లో షావో వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త విసుగెత్తి చేతికందినవన్నీ వాటికి వేసి చూశాడట, అందులో సోయా సాస్ ఒకటి. దాంతో పిల్లలు తేరుకున్నాయి. అందులో ఉన్న ఉప్పే అసలు కీలకం. ఈవేళ హేచరీలలో ఈ రొయ్య పిల్లలను లీటరుకు సుమారు 12 గ్రాముల లవణాలున్న నీటిలో పెంచుతున్నారు.

గురి చూసి ఉమ్మే చేప

ఆర్చర్ ఫిష్ ఆకు మీద కూర్చున్న పురుగును నీటి చిమ్ముతో కొట్టి కిందపడేస్తుంది. నాలుకను అంగిట్లోని గాడికి నొక్కితే అది తుపాకీ గొట్టమైపోతుంది. నీటిలోంచి చూస్తే పైనున్న వస్తువు ఉన్నచోట కనబడదు కదా, ఆ తేడాను కూడా ఈ చేప లెక్క కడుతుంది. చిమ్ములో వెనక వచ్చే నీరు ముందు నీటికంటే వేగంగా వస్తుంది. రెండూ లక్ష్యం దగ్గర కలిసి ఒక్క ముద్దై తగులుతాయి. ఇదే చేప మనుషుల ముఖాల చిత్రాలను కూడా గుర్తుపట్టి వాటి మీద ఉమ్ముతుందని 2016లో ఆక్స్‌ఫర్డ్, క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు చూపించారు. దీన్ని పెంచాలంటే తొట్టిని సగమే నింపి, పైన మూత గట్టిగా బిగించాలి.

రంగులేసిన గాజు చేప

ఒంట్లో ముల్లు కూడా కనబడే గ్లాస్ ఫిష్‌ను ఉప్పునీటి చేపగా అమ్ముతారు. నిజానికి ఇండియన్ గ్లాస్ ఫిష్ మన చెరువులు, కాలువల మంచినీటిలో హాయిగా బతుకుతుంది. గులాబీ, పచ్చ గీతలతో మెరిసేవి ఎక్కడైనా కనబడితే కొనకండి. ఆ రంగు సూదితో గుచ్చి ఎక్కించింది, కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. చేప అప్పటిదాకా బతికితే.

పఫర్ పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి

నత్తగుల్లలు కొరుక్కుంటేనే అవి అరుగుతాయి. లేకుంటే చేప తినలేక ఆకలితో చస్తుంది. వరి మడుల్లో నత్తలకు కొదవ లేదు గానీ పురుగుమందు కొట్టిన మడి జోలికి పోవద్దు. ఆకుపచ్చ పఫర్ జన్యుక్రమం మనిషి జన్యుక్రమంలో తొమ్మిదో వంతే ఉంటుంది. 2004లో దాన్ని చదివినప్పుడు, అప్పటికి తెలిసిన వెన్నెముక జీవుల్లో అదే అతి చిన్నదని తేలింది.

ఎంత పెరుగుతుందో అడిగి కొనండి

రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు కొన్న స్కాట్ అడుగు దాటుతుంది. పండుగప్ప అయితే మగగా మొదలై, కొన్నేళ్ళకు ఆడగా మారి, మనిషంత పొడవు పెరగగలదు. దాన్ని చెరువుల్లో పెంచనివ్వండి, ఇంట్లో వద్దు.

తొట్టి చాలడం లేదని కృష్ణలో వదిలేయడం అన్నిటికంటే చెడ్డ ఉపాయం. గాజుకు పట్టిన పాచి తింటుందని తెచ్చిన సక్కర్ ఫిష్ అలాగే బయటపడి, ఇప్పుడు చెరువుల్లో చేరి వలలు చింపుతోంది. మార్చిన ఉప్పు నీళ్ళనూ పెరట్లో చెట్లకు పోయకండి.

మఠంపల్లి ఇంట్లో ఒకే ఒక్క ఏటిమొగ చేపను పెంచమంటే నేను దువ్వెన చేప పేరే చెబుతాను. కొల్లేటిలోనూ దొరుకుతుంది, మంచినీళ్ళకూ ఉప్పు నీళ్ళకూ తట్టుకుంటుంది, పాచి తింటుంది. తల్లీతండ్రీ ఇద్దరూ కలిసి గుడ్లనూ పిల్లలనూ కాస్తాయి. మరీ పెద్దదైపోయినా, మందులు వేయకుండా పెంచి ఉంటే, చింత లేదు. 2010లో దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న కేరళవాళ్ళు మసాలా పట్టించి, అరిటాకులో చుట్టి పెనం మీద కాలుస్తారు.