ఆకలి తీర్చే జింక వేట

నవంబరు వచ్చిందంటే అమెరికాలోని విస్కాన్సిన్, పెన్సిల్వేనియా పల్లెల్లో నారింజ రంగు కోట్లు వేసుకున్నవాళ్లు తెల్లవారకముందే అడవిబాట పడతారు. అది తెల్లతోక జింకల వేట కాలం. అయితే అక్కడి వేట క్లబ్బుల పని తుపాకీతోనే ముగిసిపోదు.

వర్జీనియాలో 1991లో మొదలైన ‘హంటర్స్ ఫర్ ద హంగ్రీ’నే చూడండి. వేటగాడు తాను కొట్టిన జింకను ఈ పథకంలో చేరిన మాంసం దుకాణానికి తెచ్చి అప్పగిస్తాడు. అక్కడ చర్మం ఒలిచి, ఎముకలు తీసి, మాంసాన్ని కైమా కొట్టి, పొట్లాలు కట్టి ఫ్రీజర్లో పెడతారు. ఆ పొట్లాలు ఆహార బ్యాంకుల ద్వారా పేదల ఇళ్లకు చేరతాయి. ఒక మోస్తరు జింక నుంచి సుమారు 20 కిలోల మాంసం వస్తుంది. కోత ఖర్చుకు విరాళాలు పోగుచేస్తారు.

సేవ అంతటితో ఆగదు. చాలా క్లబ్బుల సభ్యులు పిల్లలకు తుపాకీ జాగ్రత్తలు నేర్పుతారు. 1967లో కొలరాడోలో తొలిసారి గుర్తించిన, జింకలకు సోకే ‘క్రానిక్ వేస్టింగ్’ వ్యాధి జాడ తెలుసుకోవడానికి, జింక గొంతు దగ్గరి లింఫ్ గ్రంథులను పరీక్షలకు ఇస్తారు.

విచ్చలవిడి వేటతో 1900 నాటికి ఈ జింకలు బాగా తరిగిపోయాయి. వేటకు కట్టుబాట్లు పెట్టాకే మళ్లీ కోట్లకు పెరిగాయి. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్లు, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తుంది.

మన దేశంలో పరిస్థితి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణది. ఎక్కడైనా జింక మాంసం అమ్ముతున్నారని తెలిస్తే వెంటనే అటవీ శాఖకు చెప్పండి.