నరములలో సరకుల రవాణా

మన వెన్నుపాములోని ఒక నాడీకణమును తీసికొందము. దాని కణదేహము మిల్లీమీటరులో పదవ వంతునకు మించదు. కాని దాని నుండి బయలుదేరిన తంతువు పాదములోని చిన్న కండరము వరకు, అనగా సుమారు ఒక మీటరు పొడవున సాగిపోవును. ఈ తంతువునకు కావలసిన మాంసకృత్తులలో చాలభాగము తయారగునది ఆ కణదేహములోనే. అవి ఆవలి కొసకు ఎట్లు చేరును? నీటిలో వేసిన సిరాచుక్క వలె వాటంతట అవియే వ్యాపించుచు పోవలసి వచ్చినచో వందల యేండ్లు పట్టును.

1948లో అమెరికాలో పాల్ వైస్, హెలెన్ హిస్కో అను శాస్త్రజ్ఞులు జంతువుల నరమును ఒకచోట బిగించి ఉంచిరి. కొన్ని వారములైన పిదప చూడగా, బిగింపునకు కణదేహము వైపున తంతువులు ఉబ్బి యుండెను; ఆవలి వైపున సన్నగిల్లియుండెను. కాలువకు అడ్డుకట్ట వేసినచో ఎగువన నీరు నిలుచును గదా! బిగింపు తీసివేయగా నిలిచిన పదార్థము దినమునకు ఒక మిల్లీమీటరు చొప్పున ముందుకు సాగెను.

తరువాతి వారు రేడియోధార్మిక అమైనో ఆమ్లములను కణదేహమునకు అందించి కొలువగా, కొన్ని పదార్థములు దినమునకు 400 మిల్లీమీటర్ల దాక పోవుచున్నట్లు తేలినది. ఒకే తంతువులో ఇంత తేడా యేల?

ముందు బండి సంగతి చెప్పవలెను. 1985లో రోనాల్డ్ వేల్, ఆయన సహచరులు స్క్విడ్ అను సముద్రజీవి యొక్క లావైన నాడీతంతువులో పరిశోధించి ‘కైనెసిన్’ను కనుగొనిరి. ఇదియు ఒక మాంసకృత్తే. తంతువు పొడవునను పరచియున్న సూక్ష్మనాళికలే దీనికి బాట. దీనికి పాదముల వంటి భాగములు రెండు కలవు. సరకును మోయుచు, అడుగుకు 8 నానోమీటర్ల చొప్పున నడచును. అడుగడుగునకు ఒక ఎ.టి.పి. అణువు ఖర్చగును.

2000వ సంవత్సరమున సజీవ కణములలో తంతువునకు ఆధారమైన పోగులను గమనింపగా తేడాకు కారణము తెలిసినది. ‘నెమ్మది’ సరకు కూడ కదలునపుడు వేగముగనే కదలుచున్నది. కాని ఎక్కువ కాలము దారిలో ఆగియుండును. ఊరూర ఆగు బండికిని, ఎక్కడను ఆగని బండికిని గల భేదమే ఇది.

తిరుగు ప్రయాణమునకు ‘డైనీన్’ అను వేరొక వాహకము కలదు. అరిగిన భాగములను, కొస నుండి వచ్చు సంకేతములను అది కణదేహమునకు చేర్చును. రేబిస్ వైరసు ఈ బండినే దొంగతనముగా ఎక్కును! కుక్క కరచిన వెంటనే గాయమును సబ్బుతో, నీటితో బాగుగ కడిగి టీకా మొదలుపెట్టుట, వైరసు నరములో ప్రవేశింపక పూర్వమే దానిని పట్టుటకే. కాటు తలకు దగ్గరైన కొలది ప్రయాణదూరము తక్కువ. అందుచే ముఖమున కరచినపుడు రోగము సాధారణముగ త్వరగా బయటపడును.