డైరీ ఫోనులు: ప్రయాణికుడు వానిని ఎంచుకొనవలసిన విధము

దూరప్రయాణము చేయువానికి మూడు వస్తువులు ముఖ్యముగా కావలయును. చిరునామాలు వ్రాసికొనిన పుస్తకము ఒకటి. కాలమును తెలుపు గడియారము ఒకటి. తన క్షేమమును ఇంటివారికి తెలుపు సాధనము ఒకటి. ఈ మూడింటిని ఒక్క యంత్రమునందు నిమిడ్చి, జేబులో పట్టునట్లు చేయవలెనను కోరిక నుండి పుట్టినవే డైరీ ఫోనులు. నేడు మన చేతులలోనున్న స్మార్టు ఫోనులకు ఇవియే పూర్వులు. ఇవి యెట్లు పుట్టినవి, ఆనాటి ప్రయాణికుడు వీనిలో దేనిని ఏల ఎంచుకొనవలసి యుండెను, దానినుండి మనము గ్రహింపదగిన దేమి అను విషయములను ఈ వ్యాసమున వివరింతును.

ఉయ్యూరు, పామర్రు, గుడివాడ ప్రాంతముల యువకులనేకులు 1990వ దశకమున కంప్యూటరు పనులకై అమెరికాకు పోయిరి. అప్పటి ప్రయాణికుని జేబులో చిన్న చిరునామాల పుస్తకముండెడిది. ఇంటివారు ఎస్.టి.డి. బూతు కడనో, ఫోనుగల పొరుగింటనో వార్తకై వేచియుండెడివారు. విమానము దిగినవానికి, తన్ను చేర్చుకొనువారి నంబరు దొరకకున్నచో పరదేశమున దిక్కు తోచదు. ఇచ్చట తలిదండ్రులకు ఆ రాత్రి నిద్రయుండదు. కావున ఇట్టి యంత్రమును ఎంచుకొనుట కేవలము వేడుక గాదు.

మొదట డైరీ యంత్రములు వేరు, ఫోనులు వేరుగా నుండెను. 1984లో ఇంగ్లండునందలి సైయన్ అను సంస్థవారు ఆర్గనైజరు అను చేతియంత్రమును విక్రయింప నారంభించిరి. తరువాత కాసియో మొదలగు సంస్థల డిజిటల్ డైరీలు మన బజారులకును వచ్చెను. 1996లో అమెరికాలో వెలువడిన పామ్ పైలట్ అను యంత్రము, తెరపై పుల్లవంటి కలముతో వ్రాసిన ఆంగ్లాక్షరములను గుర్తించెడిది. అయితే వీనితో ఎవరితోను మాటలాడుటకు వీలులేదు.

రెంటిని కలిపిన తొలి యంత్రము 1994లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన ఐ.బి.ఎం. వారి సైమన్. దాని బరువు అరకిలోకు పైబడినది. ఎడతెగక మాటలాడినచో ఇంచుమించు గంటకే బ్యాటరీ నిండుకొనెడిది. 1996లో ఫిన్లాండు దేశపు నోకియా సంస్థవారు 9000 కమ్యూనికేటరును తెచ్చిరి. కళ్లద్దాల పెట్టెను తెరచినట్లు దానిని తెరచినచో, లోపల వెడల్పాటి తెరయు, టైపు మిషనుకు వలె అక్షరముల మీటలును కనబడెడివి. దాని బరువు 397 గ్రాములు. మనదేశమున తొలి సెల్ ఫోను సంభాషణ 1995 జూలై 31వ తేదీన పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసుకును, కేంద్రమంత్రి సుఖ్ రామ్‌కును నడుమ జరిగినదని జ్ఞప్తియందుంచుకొనిన, ఆ యంత్రములు ఎంత క్రొత్తవో తెలియగలదు.

2004 నాటికి ప్రయాణికుని యెదుట ముఖ్యముగా మూడు యంత్రములుండెను: 2001లో వచ్చిన నోకియా 9210, 2003లో వచ్చిన హ్యాండ్‌స్ప్రింగ్ వారి ట్రియో 600, అదే సంవత్సరమున వచ్చిన బ్లాక్‌బెర్రీ 7230. అంగడివాడు తెర యొక్క రంగులను, ఆటలను చూపును. ప్రయాణికుడు అడుగవలసిన ప్రశ్నలు మాత్రము నాలుగు.

మొదటి ప్రశ్న: పోవుచోట ఇది పలుకునా? సెల్ ఫోను రేడియో తరంగములపై నడచును. మనదేశమునను ఐరోపాలోను జి.ఎస్.ఎం. ఫోనులకు 900, 1800 మెగాహెర్ట్జుల తరంగములను కేటాయించిరి. అమెరికాలో 850, 1900. తొమ్మిదివందల మెగాహెర్ట్జులనగా సెకనుకు తొంబది కోట్ల కంపనములని యర్థము. మీటరు గేజీ బండి బ్రాడ్ గేజీ పట్టాలపై నడువజాలనట్లే, ఒక తరంగమునకు చేసిన ఫోను వేరొక తరంగముపై పలుకజాలదు. నోకియా 9210 మన తరంగములకు మాత్రమే సరిపోవును. అమెరికాకై 9290 అను వేరు యంత్రమును చేసిరి. బ్లాక్‌బెర్రీ 7230 మూడు తరంగములపైనను, జి.ఎస్.ఎం. పద్ధతి ట్రియో 600 నాలుగింటిపైనను పనిచేసెడివి. జపానులో జి.ఎస్.ఎం. పద్ధతియే లేనందున ఈ మూడును అచ్చట మూగవే.

రెండవ ప్రశ్న: బ్యాటరీ నిండుకొనినచో వ్రాసినది నిలుచునా? జ్ఞాపకశక్తి యంత్రములలో రెండు విధములు. ఒకటి పలకపై బలపపు వ్రాతవంటిది. విద్యుత్తు పోయినంతనే తుడిచిపెట్టుకొనిపోవును. రెండవది తాటాకుపై గంటపు వ్రాతవంటిది; విద్యుత్తు లేకున్నను నిలుచును. ట్రియో 600 మొదటి జాతికి చెందినది. దాని బ్యాటరీ పూర్తిగా ఎండిపోయినచో నంబరులు, చిరునామాలు అన్నియు పోయెడివి. 2004 చివర వచ్చిన ట్రియో 650లో ఈ లోపమును సవరించి రెండవ విధమగు జ్ఞాపకమును అమర్చిరి. నాలుగు తరంగములపై పలుకుటలో మిన్నయైన యంత్రమే, వ్రాసినది నిలుపుకొనుటలో బలహీనమగుట గమనింపదగినది.

మూడవ ప్రశ్న: మార్గమధ్యమున దీనికి ఆహార మెట్లు? పైలట్ యంత్రమునకు ఏ దుకాణమునందైనను దొరకు రెండు చిన్న బ్యాటరీలు చాలును. నోకియా 9210లో బ్యాటరీని తీసి, వెంట తెచ్చుకొనిన మరియొకదానిని పెట్టుకొనవచ్చును. ట్రియో 600లో అది లోపల బిగింపబడియుండెను. ఇండ్లకు వచ్చు విద్యుత్తు మనకు 230 వోల్టులు, అమెరికాలో 120 వోల్టులు. ఛార్జరుపై 100 నుండి 240 వరకు అని ముద్రించియున్నచో రెండుచోట్లను పనిచేయును. కాని మన ప్లగ్గు ముళ్లు గుండ్రనివి, వారివి బల్లపరుపువి గనుక మార్చుకొను ముక్కను వెంట నుంచుకొనవలయును. మత్తయి సువార్త 25వ అధ్యాయమునందలి పదిమంది కన్యకల ఉపమానము మన విద్యార్థులెల్లరు ఎరిగినదే. దివిటీలు పదిమందికిని ఉండెను. విడిగా నూనె గొనిపోయినవారు మాత్రము ఐదుగురే.

నాలుగవ ప్రశ్న: ఇది పోయినచో ప్రతి యెచ్చట నున్నది? ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము నుండి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగివచ్చెను. మార్గమున చూచిన సంగతులను వ్రాసి మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెకు పంపుచుండెను. వీరాస్వామయ్య 1836లో గతించినను, ఆ మిత్రుడు వానిని 1838లో అచ్చు వేయించినందున నేడు మనము చదువగలుగుచున్నాము. ఈ డైరీ ఫోనులను కంప్యూటరునకు తగిలించినచో, వ్రాసినదంతయు అందులోనికి ప్రతిగా చేరెడిది. బయలుదేరుటకు ముందు ఈ పని చేసినవాడు యంత్రమును పోగొట్టుకొనినను, వ్రాసికొనినదానిని పోగొట్టుకొనడు.

ఈ నాలుగింటిని తూచి చూచినచో తీర్పు ప్రయాణమును బట్టి మారును. లండనుకో సింగపూరుకో పోవువానికి నోకియా 9210 మేలు. అమెరికాకు పోవువానికి బ్లాక్‌బెర్రీ గాని, ట్రియో 650 గాని తగును. ట్రియో 600 కొనినవాడు ప్రతిరాత్రి ఛార్జి చేయుట మరువరాదు. చిరునామాలు మాత్రమే ఎక్కువగా గలవాడు పైలట్‌ను, సాధారణమగు ఫోనును విడివిడిగా గొనిపోవుట తెలివి. ఏలయన, రెండును ఒక్కటైనచో ఒక దొంగతనముతో రెండును పోవును. అన్నిటికంటె గొప్పది యేదియని గాక, నా మార్గమునకు తగినది యేదియని అడుగవలయును.

నేడు ఈ యంత్రములు ప్రదర్శనశాలలకే తగినవి. అమెరికాలో ఏ.టి.అండ్‌టి. సంస్థవారు 2017 జనవరి 1న తమ రెండవ తరపు సేవను ముగించిరి. పాత బ్లాక్‌బెర్రీ ఫోనుల సేవలు 2022 జనవరి 4న ఆగిపోయెను. కాని ఆ నాలుగు ప్రశ్నలు ముగియలేదు. నేటి ఫోనులలో జ్ఞాపకము తాటాకువంటిదే. అయినను బ్యాటరీ మరల లోపల బిగింపబడియున్నది. ప్రతి ఇంటర్నెట్టులో భద్రముగనే యుండును. దానిని తెరచుటకు వచ్చు సంకేతసంఖ్య మాత్రము తరచుగా స్వదేశపు సిమ్ కార్డునకే చేరును. ఆ సిమ్ విదేశమున పనిచేయనిచో, తాళపుచెవిని ఇంటనుంచి పెట్టెను మోసికొనిపోయినట్లగును.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెననాడు వార్తామార్గములు తెగిపోయి, బ్రతికినవారి క్షేమసమాచారము సయితము బంధువులకు చేరుట దుర్లభమయ్యెను. సాధనము మిక్కిలి కావలసిన గడియయందే అది లేకుండపోవచ్చునని మన ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

కావున తలిదండ్రులారా, మీ బిడ్డ దూరదేశమునకు పోవునపుడు ఎంత ఖరీదైన ఫోను కొనియిచ్చినను, ఒక కాగితముపై చేరవలసిన చిరునామాను, రెండు ఫోను నంబరులను వ్రాసి యిండు. అట్టి కాగితమే మరియొకటి ఇంట నుంచుకొనుడు. విద్యార్థులారా, ఇంటి నంబరు నొకదానిని కంఠస్థము చేయుడు. దానికి బ్యాటరీ అక్కరలేదు, ఏ దేశపు తరంగమైనను అడ్డుగాదు.